గ్రీకు గుడికి... గుంటుపల్లి గుహకి చుట్టరికం!

ఏథెన్స్‌ నగరంలో కొండ మీద ఓ పాలరాతి గుడి ఉంది. పేరు పార్థినాన్‌. దాన్ని చూడటానికి ప్రపంచం నలుమూలల నుంచీ జనం తరలివెళ్తారు. ఏలూరుకు నలభై కిలోమీటర్ల దూరంలో కొండ మీద ఓ రాతిగుహ ఉంది. ఊరు గుంటుపల్లి. అక్కడికి వెళ్లేవాళ్లు తక్కువే. ఈ రెండింటికీ పోలికేమిటని అనుకుంటున్నారా? పోలికే కాదు, దగ్గరి చుట్టరికమే ఉంది. గ్రీకు శిల్పం కథ చెప్పుకుంటూ వెళ్తే అది మన కృష్ణా గోదావరి తీరాలను పలకరించి, మన ఊళ్ల నాలుగు రోడ్ల కూడళ్ల దాకా వస్తుంది!

చెక్కను మరిచిపోని రాయి

చుట్టిల్లు గుర్తుందా? గుండ్రటి మట్టిగోడ, పైకి వెళ్లేకొద్దీ దగ్గరగా వచ్చి శిఖరం దగ్గర కలుసుకునే వాసాలు, వాటి మీద తాటాకో రెల్లుగడ్డో. ఇప్పుడు కోస్తా ఊళ్లలో అరుదైపోయింది కానీ, పెద్దవాళ్లను అడిగితే గాలివానకు అంత గట్టి ఇల్లు మరోటి లేదంటారు.

ఏలూరు జిల్లా కామవరపుకోట మండలం జీలకర్రగూడెం పక్కనున్న గుంటుపల్లి కొండ మీద అలాంటి చుట్టిల్లే ఒకటి ఉంది. కాకపోతే అది కట్టింది కాదు, కొండలో తొలిచింది. గుండ్రటి గది, మధ్యలో రాతి స్తూపం, చుట్టూ ప్రదక్షిణ చేయడానికి దారి. తలెత్తి చూస్తే కప్పంతా వాసాలే! చెక్క వాసాలు ఎలా ఉంటాయో అచ్చం అలాగే రాతిలో మలిచారు. నిజానికి అవి దేన్నీ మోయడం లేదు. కొండే కప్పు అయినప్పుడు వాసాలతో పనేముంది? అయినా చెక్కారు. గుడి అంటే ఇలాగే ఉండాలని అప్పటి శిల్పి కంటికి అలవాటైపోయింది మరి. గుహ ముఖద్వారం మీది కమాను కూడా చెక్కపనిని చూసి చెక్కినట్టే ఉంటుంది. ఇది క్రీస్తుకు పూర్వం రెండో శతాబ్దం నాటిదని పండితుల అంచనా.

ఇప్పుడు ఏథెన్స్‌కు వెళ్దాం. గ్రీకుల తొలి గుళ్లు కూడా చెక్కవే. తర్వాత రాతికి మారారు. కానీ పార్థినాన్‌ స్తంభాల పైభాగాన్ని చూస్తే వరసగా మూడేసి నిలువు గాళ్లున్న పలకలు కనిపిస్తాయి. ఒకప్పుడు గోడ మీద ఆనిన చెక్కదూలాల చివళ్లకు అవి గుర్తు. వాటి కింద చిన్న చిన్న బొడిపెలు ఉంటాయి. అవి దూలాలను బిగించిన చెక్కచీలలకు నకళ్లు! ఈ ముచ్చట క్రీస్తుకు పూర్వం ఒకటో శతాబ్దం నాటి రోమన్‌ వాస్తుశిల్పి విట్రూవియస్‌ తన గ్రంథంలో రాసిపెట్టాడు.

అదీ చుట్టరికం. ఒకరికొకరు నేర్పుకున్నది కాదు. ఇద్దరి కథా వడ్రంగి ఇంటి నుంచే మొదలైంది. తమ తాతల నాటి కొయ్య ఇంటిని శాశ్వతం చేసుకోవాలని ఇద్దరూ రాతిని ఆశ్రయించారు.

బొమ్మ కాలు సడలించిన రోజు

క్రీస్తుకు పూర్వం ఆరో శతాబ్దం నాటి గ్రీకు విగ్రహాలను చూస్తే బడిలో డ్రిల్లు మాస్టారు ‘అటెన్షన్‌’ అన్నట్టు ఉంటాయి. చేతులు ఒంటికి అతుక్కుని, పిడికిళ్లు బిగించి, ఎడమకాలు కాస్త ముందుకు. ఈ పద్ధతిని వాళ్లు ఈజిప్టు నుంచి తెచ్చుకున్నారు.

క్రీస్తుకు పూర్వం 480 ప్రాంతంలో ఒక మార్పు వచ్చింది. ఏథెన్స్‌ కొండ మీద దొరికిన ఓ కుర్రాడి విగ్రహం ఒక కాలి మీద బరువు వేసి, రెండో కాలిని సడలించి నిలబడింది. అంతే! బస్టాండులో బస్సు కోసం చాలాసేపటి నుంచి ఎదురుచూస్తున్న మనిషి నిలబడేది అలాగే కదా. బరువు ఒక కాలి మీద పడగానే ఆ వైపు నడుము పైకి లేస్తుంది, భుజం కిందికి దిగుతుంది, తల కొద్దిగా పక్కకు తిరుగుతుంది. రాయి ఊపిరి తీసుకున్నట్టు అనిపిస్తుంది. ప్రపంచ శిల్పచరిత్రలో అదో పెద్ద మలుపు.

ఆ మార్పు ఊరికే రాలేదు. సరిగ్గా అప్పుడే పర్షియన్లు ఏథెన్స్‌ను తగలబెట్టారు. గ్రీకులు ఎదురుతిరిగి గెలిచారు. పౌరులంతా ఒకచోట చేరి నిర్ణయాలు తీసుకునే పాలన అక్కడ అప్పటికే వేళ్లూనుకుంటోంది. ఒలింపియా లాంటి చోట్ల ఆటల పోటీలకు దిగే యువకులు ఒంటి మీద నూలుపోగు లేకుండానే పరుగెత్తేవారు, కుస్తీ పట్టేవారు. కండ ఎక్కడ బిగుస్తుందో, ఎక్కడ సడలుతుందో శిల్పికి రోజూ కనిపించేది. పైగా వాళ్ల దేవుళ్లదీ మనిషి రూపమే. మంచి శరీరాన్ని చెక్కడమంటే వాళ్లకు దేవుణ్ని చెక్కడంతో సమానం.

పాలిక్లైటస్‌ అనే శిల్పి దీనికో లెక్క కట్టాడు. వేలికీ వేలికీ, వేళ్లకూ అరచేతికీ, అరచేతికీ మణికట్టుకూ, అలా ఒంటి మొత్తానికీ కొలతల పొందిక ఉండాలంటూ ‘కానన్‌’ అనే గ్రంథం రాశాడు. దానికి ఉదాహరణగా ఈటె పట్టిన యువకుడి కంచు విగ్రహం పోతపోశాడు. మన శిల్పశాస్త్రంలోని ‘తాళం’ లెక్క వినే ఉంటారు. ముఖం పొడవును ఒక తాళంగా తీసుకుని మిగతా ఒంటిని కొలుస్తారు. త్రిమూర్తులకు దశతాళం, అంటే ముఖానికి పది రెట్ల ఎత్తు. మనకూ లెక్క ఉంది, వాళ్లకూ ఉంది. తేడా ఎక్కడంటే, వాళ్లు కొలిచింది మైదానంలో కనిపించే మనిషిని. మనవాళ్లు కొలిచింది ధ్యానంలో కనిపించే దేవుణ్ని.

విచారకరమైన సంగతేమిటంటే పాలిక్లైటస్‌ గ్రంథమూ మిగల్లేదు, ఆ కంచు విగ్రహమూ మిగల్లేదు. కంచు విలువైన లోహం. అవసరం పడినప్పుడల్లా విగ్రహాలను కరిగించేశారు. ఇప్పుడు మనం ఫొటోల్లో చూసే ప్రసిద్ధ గ్రీకు శిల్పాలు చాలావరకు రోమన్లు పాలరాతిలో చెక్కించుకున్న నకళ్లే! 1972లో ఇటలీ తీరంలోని రియాచే దగ్గర సముద్రం అడుగున రెండు అసలు కంచు విగ్రహాలు దొరికినప్పుడు ప్రపంచమంతా పండగ చేసుకున్నది అందుకే.

ఇంకో సంగతి. గ్రీకు శిల్పం అనగానే తెల్లటి పాలరాయి గుర్తొస్తుంది. నిజానికి వాటికి రంగులు వేసేవారు. జుట్టుకు, పెదాలకు, బట్టల అంచులకు నీలం, ఎరుపు, బంగారు రంగులు! మన గాలిగోపురాల మీది బొమ్మలను చూసి ‘ఇన్ని రంగులా’ అని ముక్కు విరిచేవాళ్లకు ఈ సంగతి చెప్పాల్సిందే. వానకూ ఎండకూ రంగులు పోయి రాయి మిగిలింది. ఆ మిగిలిన తెలుపే అసలు అందమని తర్వాతి ఐరోపావాళ్లు నమ్మారు.

అక్కడ ఊరేగింపు... ఇక్కడ ఏనుగు

పార్థినాన్‌ను క్రీస్తుకు పూర్వం 447 నుంచి 432 మధ్య కట్టారు. నాయకుడు పెరిక్లిస్‌. శిల్పాల పనిని పర్యవేక్షించినవాడు ఫిడియస్‌. గుడి గోడ పైభాగంలో చుట్టూతా 160 మీటర్ల పొడవున ఒక శిల్పాల పట్టీ ఉండేది. దాని మీద ఉన్నది ఊరేగింపు. గుర్రాల మీద కుర్రాళ్లు, రథాలు, ముసలివాళ్లు, బలికి తోలుకెళ్తున్న పశువులు, పాత్రలు పట్టుకున్న ఆడపిల్లలు. చివర ఒకచోట మడతపెట్టిన వస్త్రం. ఏథెన్స్‌ ఆడపడుచులు నేసిన కొత్త వస్త్రాన్ని అథీనా అమ్మవారికి సమర్పించే పండగ అది అని ఎక్కువమంది పండితుల మాట. ద్వారకా తిరుమలలో కల్యాణోత్సవాలప్పుడు పట్టువస్త్రాల సమర్పణ చూసినవాళ్లకు దాని సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇంచుమించు అలాంటి స్థానమే తెలుగు శిల్పంలో అమరావతి మహాస్తూపానిది. సుమారు యాభై మీటర్ల వ్యాసం ఉన్న స్తూపం, చుట్టూ రాతి ప్రాకారం, దాని మీద అంగుళం కూడా వదలకుండా శిల్పాలు. మౌర్యుల కాలం నుంచి మొదలైన ఆ క్షేత్రం శాతవాహనుల కాలంలో, క్రీస్తుశకం ఒకటి రెండు శతాబ్దాల్లో పూర్తి వైభవానికి చేరింది. చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఇక్కడి శిల్పం ఒకటుంది. గుండ్రటి రాతి పతకంలో మదమెక్కిన నాలగిరి ఏనుగు. రాజగృహ వీధిలో అది ఒక మనిషిని తొండంతో పట్టి విసురుతోంది. జనం హడలిపోయి పరుగెడుతున్నారు. మేడ కిటికీల్లోంచి ఆడవాళ్లు తొంగిచూస్తున్నారు. ఒకామె భయంతో పక్కవాళ్లను కరుచుకుపోయింది. అదే పతకంలో, అదే ఏనుగు, ఇటువైపు బుద్ధుడి పాదాల ముందు మోకరిల్లి ఉంది! సినిమా పుట్టడానికి పద్ధెనిమిది వందల ఏళ్ల ముందే ఒక్క ఫ్రేములో రెండు సీన్లు.

పక్కపక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. పార్థినాన్‌ పట్టీలో గుర్రాలు ఎగిరిపడుతున్నా రౌతుల ముఖాలు నిశ్చలంగా ఉంటాయి. చలించకపోవడమే వాళ్ల దృష్టిలో గొప్పతనం. అమరావతిలో బుద్ధుడు ఒక్కడే నిశ్చలం. చుట్టూ ఉన్న మనుషులంతా వంగుతారు, తూలుతారు, ఏడుస్తారు, నవ్వుతారు. గ్రీకు శిల్పి ఒక మనిషిని సంపూర్ణంగా నిలబెట్టాడు. తెలుగు శిల్పి ఒక ఊరినే కదిలించాడు.

డబ్బు ఎవరిచ్చారన్నది ఇంకా ఆసక్తికరం. పార్థినాన్‌కు ఖజానా సొమ్ము ఖర్చుపెట్టారు. యుద్ధం కోసం మిత్రరాజ్యాలు దాచుకున్న డబ్బుతో ఊరికి నగలు చేయిస్తున్నారంటూ పెరిక్లిస్‌ను ప్రత్యర్థులు ఆడిపోసుకున్నారని చరిత్రకారుడు ప్లూటార్క్‌ రాశాడు. ఆ పక్కనే ఉన్న ఎరెక్తియాన్‌ గుడి లెక్కలు రాతి మీద చెక్కి ఉన్నాయి. పనివాళ్లకు రోజుకు ఒక డ్రాక్మా కూలి. పౌరుడికైనా బానిసకైనా అదే రేటు! అమరావతి రాళ్ల మీద ఉన్నవి దాతల పేర్లు. వర్తకులు, గృహిణులు, భిక్షుణులు, సుగంధ ద్రవ్యాల వ్యాపారులు... విధికుడనే తోలుపనివాడు కూడా తన కుటుంబంతో కలిసి పూర్ణకుంభం చెక్కిన రాతిపలకను కానుకగా ఇచ్చాడు. గుంటుపల్లిలోనూ అంతే. సిరిసద మహారాజు దగ్గర లేఖకుడిగా పనిచేసిన చులగోముడు మండపం కట్టించి స్తంభాల మీద ఆ మాట రాయించుకున్నాడు. రాజు పేరు కన్నా గుమస్తా దానం ఎక్కువకాలం నిలిచింది.

యవనులు ఇటొచ్చారా?

వచ్చారు! క్రీస్తుశకం ఒకటో శతాబ్దంలో ఈజిప్టు ప్రాంతపు గ్రీకు నావికుడొకడు రాసిన ‘పెరిప్లస్‌’లో ‘మసాలియా’ అనే తీరం ప్రస్తావన ఉంది. అక్కడ సన్నటి నూలుబట్టలు బోలెడు తయారవుతాయన్నాడు. అది మచిలీపట్నం తీరమే. రెండో శతాబ్దపు టాలెమీ దాన్ని ‘మైసోలియా’ అన్నాడు. ఆయన పేర్కొన్న ‘కంటకోసిలా’ రేవు మన ఘంటసాల. ఆయన చెప్పిన ‘సలకెనోయ్‌’ ప్రజలు శాలంకాయనులనీ, వాళ్ల ‘బెనగౌరాన్‌’ వేంగీపురమనీ కొందరు చరిత్రకారుల అభిప్రాయం. అదే నిజమైతే కొల్లేటికి ఉత్తరాన ఏలూరు పక్కనే ఉన్న పెదవేగి పేరు పద్ధెనిమిది వందల ఏళ్ల కిందటే గ్రీకు భాషలోకి ఎక్కిందన్నమాట!

నాగార్జునకొండ తవ్వకాల్లో రోమన్‌ బంగారు నాణేలు దొరికాయి. అక్కడి రాజప్రాసాదం ఉన్నచోట దొరికిన ఓ స్తంభం మీది బొమ్మ మరీ విచిత్రం. ఒంటి పైభాగంలో బట్ట లేదు, లేతగడ్డం, చేతిలో కొమ్ముపాత్ర, పక్కన మద్యం పీపా! గ్రీకుల మద్యదేవత డయోనిసస్‌ను చూసినట్టే ఉంటుంది. అక్కడి మెట్ల వేదికను గ్రీకు రంగస్థలాలతో పోలుస్తారు. సాగర్‌ నీళ్లలో మునిగిపోకుండా దాన్ని తరలించి అనుపు దగ్గర మళ్లీ నిలబెట్టారు. అక్కడి ఇక్ష్వాకుల నాటి శాసనంలో బౌద్ధం చేరిన దేశాల జాబితాలో కశ్మీరం, గాంధారం, చీనాలతోపాటు యవనుల పేరూ ఉంది.

మరి మనవాళ్లకు శిల్పం నేర్పింది గ్రీకులేనా? వందేళ్ల కిందట ఇది పెద్ద తగాదా. అలెగ్జాండర్‌ క్రీస్తుకు పూర్వం 326లో మన వాయవ్య దిక్కుకు వచ్చి వెళ్లాక అక్కడ గ్రీకు రాజ్యాలు వెలిశాయి. తర్వాత గాంధారంలో చెక్కిన బుద్ధుడికి గ్రీకు దేవుడు అపోలో ముఖం, రింగుల జుట్టు, రోమన్ల పైబట్టలాంటి మడతలు వచ్చాయి. దాన్ని చూసి బుద్ధుడి రూపమే గ్రీకుల కానుక అన్నాడు ఫ్రెంచి పండితుడు ఫూషే. కాదు, మన యక్షుల విగ్రహాల నుంచే ఆ రూపం పుట్టిందని 1927లో ఆనంద కుమారస్వామి గట్టిగా జవాబిచ్చారు. ఈరోజు పండితులు రెండింటిలోనూ కొంత నిజం ఉందంటారు. గాంధారంలో గ్రీకు చెయ్యి స్పష్టం. మథుర దారి వేరు.

ఇక అమరావతి సంగతి. అక్కడి ప్రాకారం పైవరసలో మనుషులు బరువైన పూలదండను భుజాల మీద మోస్తూ వెళ్తుంటారు. ఆ దండ గ్రీకు రోమన్‌ లోకం నుంచి వచ్చిన అలంకారమేనని పరిశోధకులు గుర్తించారు. కానీ మోస్తున్న మనుషులు మనవాళ్లు. ఆ నడుం వంపు మనది, తలపాగా మనది. బుద్ధుణ్ని చూసినా అంతే. కుడిభుజం బయటపెట్టి, ఎడమభుజం మీంచి జారే చీవరం సన్నటి గీతల్లా మడతలు పడి కింద బరువైన అంచుతో ముగుస్తుంది. గాంధార పద్ధతికీ దానికీ పొత్తు లేదు. ఆ తెలుగు బుద్ధుడి పోలికలే తర్వాత సింహళానికీ, ఆగ్నేయాసియాకూ ఓడలెక్కాయి. పక్కింటి నుంచి ఒక దినుసు తెచ్చుకున్నంత మాత్రాన కూర పక్కింటిది అయిపోదు కదా!

ఇద్దరు దొరలు... ఒకే మ్యూజియం

ఇక్కడి నుంచి కథ చేదెక్కుతుంది. పార్థినాన్‌ తర్వాత చర్చి అయింది, ఆపై మసీదు అయింది. 1687లో తురుష్కులు అందులో మందుగుండు దాస్తే వెనిస్‌ సైన్యం ఫిరంగి గుండు వేసింది. గుడి నడిమధ్యన పేలిపోయింది. 1801 నుంచి బ్రిటిష్‌ రాయబారి ఎల్గిన్‌ ప్రభువు మిగిలిన శిల్పాల్లో సగానికి దగ్గరగా ఊడదీయించి ఇంగ్లండుకు ఓడల్లో పంపాడు. 1816లో బ్రిటన్‌ పార్లమెంటు వాటిని 35 వేల పౌండ్లకు కొని బ్రిటిష్‌ మ్యూజియంలో పెట్టింది.

అదే 1816లో... కర్నల్‌ కోలిన్‌ మెకంజీ అమరావతిలో ఉన్నాడు! అంతకు ముందు 1790ల్లో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు అక్కడ కొత్త పట్నం కడుతుంటే ‘దీపాలదిన్నె’లోంచి చెక్కుడు రాళ్లు బయటపడ్డాయి. కబురు తెలిసి 1798లో ఒకసారి వచ్చి చూసిన మెకంజీ, మళ్లీ వచ్చేసరికి ఎన్నో రాళ్లు ఇళ్లకూ గుళ్లకూ మెట్లకూ వెళ్లిపోయాయి. కొన్ని సున్నంగా మారిపోయాయి. ఏథెన్స్‌లోనూ పాలరాళ్లను సున్నానికి కాల్చుకున్నారు సుమా! మెకంజీ తన మనుషులతో ఒక్కో రాయి బొమ్మా గీయించాడు. తర్వాత కనిపించకుండా పోయిన ఎన్నో శిల్పాలకు ఆ బొమ్మలే ఇప్పుడు ఆధారం.

1845లో వాల్టర్‌ ఎలియట్‌ తవ్వించి శిల్పాలను మద్రాసుకు పంపాడు. అక్కడ కొన్నేళ్లు ఎండా వానల్లో పడి ఉన్నాయి. 1859లో 120కి పైగా రాళ్లు లండన్‌కు ఓడెక్కాయి. ఎల్గిన్‌ మార్బుల్స్‌కు వంతగా వీటికి ‘ఎలియట్‌ మార్బుల్స్‌’ అని పేరు పెట్టారు. నిజానికి ఇవి పాలరాయి కాదు, పల్నాటి సున్నపురాయి. పేరైతే ఘనంగా పెట్టారు కానీ చోటు మాత్రం దొరకలేదు. 1867లో ఫెర్గూసన్‌ అనే పండితుడు వెతికేసరికి అవి లండన్‌లో ఓ గుర్రబ్బండ్ల కొట్టంలో ఉన్నాయి! చివరికి 1880 ప్రాంతంలో బ్రిటిష్‌ మ్యూజియానికి చేరాయి. ఇరవయ్యో శతాబ్దంలో మళ్లీ చాలా ఏళ్లు గిడ్డంగి పాలై, 1992లో ప్రత్యేక గదిలో జనం ముందుకు వచ్చాయి. అంటే ఇప్పుడు పార్థినాన్‌ ఊరేగింపూ, అమరావతి ప్రాకారమూ ఒకే చూరు కింద ఉన్నాయి. ఇద్దరు ప్రవాసులు ఒకే ఇంట్లో అద్దెకు దిగినట్టు!

కూడలిలో నిలబడ్డ గ్రీకువాడు

గ్రీకు శిల్పం మన ఊరికి మరోదారిలోనూ వచ్చింది. ఇంగ్లిషువాళ్లు మద్రాసులో 1850లో, తర్వాత బొంబాయిలో చిత్రకళా పాఠశాలలు పెట్టారు. గ్రీకు విగ్రహాల పోలికలతో పోతపోసిన సున్నపు బొమ్మలను ముందుపెట్టుకుని గీతలు దిద్దడం అప్పటి ఐరోపా చదువులో మొదటి పాఠం. ఆ చదువు ఇక్కడికీ వచ్చింది. విక్టోరియా రాణి, గవర్నర్ల విగ్రహాలు మన నగరాల్లో వెలిశాయి. అంతకు ముందు మన రాజులకు విగ్రహాలు లేవని కాదు. తిరుమల ఆలయంలో ఇద్దరు దేవేరులతో చేతులు జోడించి నిలబడ్డ శ్రీకృష్ణదేవరాయలు ఉన్నాడుగా! కానీ అది దేవుడి ముందు భక్తుడి విగ్రహం. నాలుగు రోడ్ల మధ్య దిమ్మె మీద జనానికి దారి చూపిస్తూ నిలబడే నాయకుడి విగ్రహం మాత్రం పరదేశపు అలవాటే.

పాలిక్లైటస్‌ ఈటె యువకుడి నిలుచున్న తీరును రోమన్‌ చక్రవర్తి అగస్టస్‌ విగ్రహానికి వాడుకున్నారు. ఒక కాలి మీద బరువు, కుడిచెయ్యి ఎత్తి ప్రసంగిస్తున్నట్టు. అక్కడి నుంచి ఐరోపా రాజులకు, వాళ్ల నుంచి దొరలకు, దొరల నుంచి మన నాయకులకు ఆ భంగిమ వారసత్వంగా వచ్చింది. ఈసారి మీ ఊరి సెంటర్లో ఆగినప్పుడు చూడండి. ఎత్తిన చెయ్యి, ముందుకేసిన కాలు... పంచెకట్టు మనది, నిలుచున్న తీరు వాళ్లది! గోదావరి జనం గుండెల్లో పెట్టుకున్న కాటన్‌ దొరను గుర్రం మీద కూర్చోబెట్టడం కూడా రోమ్‌లోని మార్కస్‌ అరీలియస్‌ గుర్రపు విగ్రహం నుంచి వచ్చిన ఆనవాయితీయే. ఏలూరు గజ్జెలవారి చెరువులోని 74 అడుగుల బుద్ధుడి ముందు ఆగినప్పుడూ ఒక్కసారి తలెత్తి చూడండి. చీవరం మడతలు ఎలా ఉన్నాయి? ఏ భుజం కప్పి ఉంది? గాంధారమా, అమరావతా అన్నది పిల్లలకు మంచి పొడుపుకథ.

ఏది పోయిందో తెలిస్తేగా!

గ్రీసు ప్రభుత్వం 2009లో ఏథెన్స్‌ కొండ కింద కొత్త మ్యూజియం తెరిచింది. పై అంతస్తును పార్థినాన్‌ కొలతలకే కట్టారు. శిల్పాల పట్టీని అదే వరసలో పేర్చారు. తమ దగ్గరున్న అసలు రాళ్లు తేనెరంగులో ఉంటాయి. లండన్‌లో ఉన్నవాటి స్థానంలో తెల్లటి సున్నపు నకళ్లు పెట్టారు. గోడ పొడుగునా నడుస్తుంటే ఎక్కడెక్కడ ఏది లేదో చిన్నపిల్లాడికైనా తెలిసిపోతుంది. 2023లో పోప్‌ తన దగ్గరున్న మూడు ముక్కలను తిరిగి ఇచ్చేశారు. మ్యూజియంలోని వస్తువులను వదులుకోవడానికి 1963 నాటి చట్టం ఒప్పుకోదంటుంది లండన్‌. తగవు ఇంకా తెగలేదు.

అమరావతి రాళ్లు లండన్‌, చెన్నై, ఇంకా ఎన్నో మ్యూజియాల్లో చెల్లాచెదురుగా ఉన్నాయి. వాటిని తెచ్చుకోవాలా వద్దా అన్నది పెద్దల చర్చ. దానికన్నా ముందు మనం చేసుకోవాల్సిన పని ఒకటుంది. దొరల కాలంలో పోయినవాటి సంగతి సరే, స్వతంత్రం వచ్చాక పోయినవో? ప్రకాశం జిల్లా చందవరంలో బౌద్ధక్షేత్రం ఉంది. అక్కడి నుంచి చోరీ అయిన శిల్పం దేశాలు దాటి ఆస్ట్రేలియా జాతీయ కళాశాలకు చేరింది. ఫలానా రాయి ఫలానా చోటిదని పాత ఫొటోలతో రుజువు కావడంతో 2016లో తిరిగి ఇచ్చేశారు. అంటే శిల్పం ఇంటికి రావడానికి దారి చూపింది కోర్టు కాదు, సైన్యం కాదు... ఎవరో ఎప్పుడో తీసి ఉంచిన ఓ ఫొటో! మెకంజీ గీయించిన బొమ్మలకు ఉన్న విలువా అదే.

గుంటుపల్లి కొండను ఊరివాళ్లు ఇన్నాళ్లూ ధర్మలింగేశ్వరస్వామి కొండగా కొలుచుకున్నారు. గుహలోని స్తూపమే వాళ్లకు లింగం. మతం మారినా మొక్కు ఆగలేదు కాబట్టే ఆ రాయి నిలిచింది. ఇప్పుడది కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. రక్షణ అంటే కంచె, కాపలా. అంతకన్నా గట్టి కాపలా, ఆ రాయి ఎక్కడుందో, దాని మీద ఏముందో తెలిసిన జనం.

ఏలూరు నుంచైనా తాడేపల్లిగూడెం నుంచైనా పొద్దున్నే క్యారేజీ కట్టుకుని బయల్దేరితే చీకటి పడేసరికి ఇంటికి చేరొచ్చు. కొండెక్కడానికి మెట్లున్నాయి. భిక్షువులు ఉన్న రాతిగదులు, ఇటుకల చైత్యం, వరసలు తీరిన చిన్న చిన్న స్తూపాలు చూడొచ్చు. రాతిచుట్టింట్లోకి వెళ్లినప్పుడు పిల్లలను తలెత్తి వాసాలు లెక్కపెట్టమనండి. ఇంట్లో తాతయ్య ఉంటే చుట్టిల్లు ఎలా కట్టేవారో అక్కడే చెప్పించండి. నాలుగు ఫొటోలూ తీసుకోండి. మీ ముఖాలతో పాటు ఆ రాళ్లు కూడా పడేలా!